పన్నెండడుగుల డాక్టరమ్మ

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో జవాబులు రాక పరువు పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్లంటే నాకు ఎంతో గౌరవం. వాళ్లు కనీసం ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లి, కుర్చీలో కూర్చున్నాక పోగొట్టుకున్నారు. నేను మాత్రం ఇంటర్వ్యూకి పదకొండు రోజుల ముందే, ఎల్బీ నగర్ మెట్రో దిగి మన్సూరాబాద్ వైపు తిరిగే మలుపులో, పన్నెండడుగుల వెడల్పున, రంగురంగుల్లో పోగొట్టుకున్నాను. చదివి మీరు నవ్వుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు, మీరొచ్చి చేరితే నాకు కొత్తగా పోయేదేమీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఒక కంపెనీలో హెచ్.ఆర్. ఉద్యోగం. పేరు పెద్దదే. చేసే పని మాత్రం ఎవరు ఆలస్యంగా వచ్చారో రాసుకోవడం, ఎవరి పుట్టినరోజుకు ఏ కేకు తెప్పించాలో గుర్తుపెట్టుకోవడం, రాజీనామా చేసేవాళ్లను కూర్చోబెట్టి ‘ఎందుకు వెళ్తున్నారు’ అని అడిగి, వాళ్లు చెప్పే అబద్ధాన్ని కంప్యూటర్లో ఎక్కించడం. ఆరేళ్లు ఆ అబద్ధాలు ఎక్కించాక నాకొక కోరిక పుట్టింది. మనుషులు ఆఫీసుల్లో ఎందుకిలా ప్రవర్తిస్తారో తీరిగ్గా కూర్చుని చదువుకోవాలని. దానికొక శాస్త్రమే ఉంది, ఆర్గనైజేషనల్ బిహేవియర్ అంటారు. మేనేజ్‌మెంట్ చదువులు చెప్పే పెద్ద పెద్ద సంస్థల్లో దాని మీద పీహెచ్‌డీ చేయొచ్చు.

ఈ సంగతి మొదట అమ్మకు చెప్పాను. అమ్మ మిషన్ మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది.

“ఆఫీసుల మనుషులు ఎందుకట్ల చేస్తరో చదువుతవా?” అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

“అవునమ్మా.”

“ఎన్నేండ్లు?”

“ఐదేళ్లు.”

“గల్లీల నిలబడితే ఐదు నిమిషాల్ల తెలుస్తది గదనే. సరే తియ్, నీకు నచ్చింది గద, చదువు.”

మా ఇంట్లో అనుమతులు ఇంత సులభంగానే దొరుకుతాయి. నాన్న లారీ నడుపుతాడు. లోడు మీద వెళ్తే వారం పది రోజులు రాడు. ఫోన్‌లో ఆయన కూడా “మంచిదే” అన్నాడు. ఇక మిగిలింది సీటు తెచ్చుకోవడం.

దరఖాస్తుతో పాటు మనం ఏం పరిశోధన చేస్తామో రాసి పంపాలి. నేను ఎంచుకున్న విషయం ఇది: ఉద్యోగులు పై అధికారుల ముందు తమను తాము ఉన్నదానికంటే పెద్దగా ఎలా చూపించుకుంటారు, ఎందుకు చూపించుకుంటారు. పుస్తకాల్లో దీన్ని ఇంప్రెషన్ మేనేజ్‌మెంట్ అంటారు. మా మన్సూరాబాద్‌లో బిల్డప్ అంటారు. ఈ బిల్డప్ ఎంత చెడ్డదో, అది కొడుతున్నవాడికే తెలియకుండా వాడినెలా ముంచుతుందో పన్నెండు పేజీలు రాశాను. దయచేసి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే నేను గుర్తుపెట్టుకోలేదు.

నాలుగు చోట్లకు పంపాను. మూడు చోట్ల నుంచి ‘మీ ఆసక్తికి ధన్యవాదాలు’ అని మొదలయ్యే మెయిళ్లు వచ్చాయి. అలా మొదలైన మెయిల్‌లో రెండో వాక్యం చదవక్కర్లేదు. నేను మూడింటినీ చివరిదాకా చదివాను, ఒకటైతే ఆఫీసు బాత్రూంలో చదివి ఏడ్చాను కూడా. నాలుగో చోటు నుంచి మాత్రం ఇంటర్వ్యూకి రమ్మని పిలుపొచ్చింది. నలభై మందిని పిలుస్తున్నామని, అందులో నలుగురిని తీసుకుంటామని ఆ మెయిల్లోనే స్పష్టంగా ఉంది. నా కంటికి మాత్రం పిలుపు ఒక్కటే కనబడింది.

ఇక్కడ మా యాదగిరి మామ వస్తాడు. అమ్మకు సొంత తమ్ముడు. మన్సూరాబాద్‌లో టెంట్‌హౌస్ నడుపుతాడు. పెళ్లిళ్లకు, బోనాలకు కుర్చీలూ షామియానాలూ కిరాయికిస్తాడు. ఆ ఏడాది మా కాలనీ సంఘానికి సెక్రటరీగా నిలబడుతున్నాడు. మామకు జీవితంలో ఒకటే బలహీనత, ఫ్లెక్సీ. ఎవరి పుట్టినరోజైనా, ఎవరికి పిల్లాడు పుట్టినా, కాలనీలో బోరు పడినా, తెల్లారేసరికి ఒక ఫ్లెక్సీ లేస్తుంది. దాని మీద తెల్లచొక్కాతో, జోడించిన చేతులతో మామ ఉంటాడు. బోరు ఒక మూలన ఉంటుంది.

ఆదివారం భోజనానికి వచ్చి, చికెన్ కలుపుకుంటూ అడిగాడు.

“ఏమాయె బిడ్డా నీ డాక్టర్ చదువు? మీ చిన్నమ్మ బిడ్డకు బ్యాంకుల నౌకరి వచ్చిందంట, ఎరుకేనా?”

ఎరుకే. ఆ చిన్నమ్మ బిడ్డ సంగతి అప్పటికి నాకు నలుగురు చెప్పారు. మూడు తిరస్కారాల తర్వాత నా గురించి ఒక మంచి మాట చెప్పే అవకాశం రావడం నాకు అదే మొదటిసారి. నా నోట్లోంచి వచ్చిన వాక్యం ఇది.

“అయిపోయినట్టే మామ.”

“అంటే వచ్చినట్టేనా?”

“వచ్చినట్టే. ఒక ఇంటర్వ్యూ ఉంది, అది ఊరికే ఫార్మాలిటీ.”

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. నేను పెరుగు గిన్నె వైపు చూశాను. మామ మాత్రం అన్నం కలపడం ఆపేశాడు. ఫ్లెక్సీ ఆలోచన వచ్చినప్పుడు ఆయన అలాగే ఆగిపోతాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్. “దిల్‌సుఖ్‌నగర్‌కు రా బిడ్డా. డిజైన్ ఫైనల్ జెయ్యాలె. నీ మంచి ఫోటో ఒకటి పట్కరా.”

వద్దు మామ అని చెప్పడానికి నాకు మన్సూరాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా దారంతా సమయం ఉంది. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్లాను. మంచి ఫోటోలు ఒకటి కాదు, మూడు పట్టుకెళ్లాను.

ఆ షాపు కోచింగ్ సెంటర్ల సందులో, పై అంతస్తులో ఉంది. డిజైన్ చేసేది సత్తిబాబు గారని గోదావరి వైపు మనిషి. ఎంతో మర్యాదస్తుడు. నా ఫోటో తీసుకుని కంప్యూటర్‌లో పెట్టి, ఎంతో ప్రేమగా అన్నాడు.

“బాడీ మన దగ్గర రెడీగా ఉందండి మేడం. మీ తల ఒక్కటి చాలు.”

నిజంగానే ఉంది. నల్ల గౌను వేసుకుని, చేతిలో చుట్టిన పట్టా పట్టుకున్న తల లేని మనిషి ఒకరు ఆయన కంప్యూటర్‌లో నిలబడి ఉన్నారు. సీటొచ్చిన వాళ్లందరికీ అదే మొండెమట. నా తల తెచ్చి దాని మీద పెట్టాడు. పైన నల్ల టోపీ పెట్టాడు.

“టోపీ కొంచెం పక్కకు వంచండి,” అన్నాను నేను.

“అలాగేనండి. గడ్డం మీద మొటిమ ఉంచమంటారా, తీసెయ్యమంటారా?”

“తీసెయ్యండి.”

“పేరుకు ముందు డాక్టర్ వెయ్యమంటున్నారండి మీ మామయ్యగారు. వేసెయ్యనా?”

చదువరులారా, నా జీవితం ఇక్కడ చక్కగా రెండు దారులుగా చీలి నా ముందు నిలబడింది. ‘ఇంకా సీటే రాలేదండి, చదువు మొదలైతే అయిదేళ్లు పడుతుంది’ అని చెప్పడానికి పది సెకన్లు చాలు. సత్తిబాబు గారు మౌస్ మీద చేయి పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, “కొంచెం పెద్దక్షరాల్లో వెయ్యండి,” అన్నాను.

వేశాడు. ‘పీహెచ్‌డీ పట్టా సాధించి మన కాలనీకి వన్నె తెచ్చిన డాక్టర్ మౌనిక గారికి హృదయపూర్వక శుభాకాంక్షలు.’ పైన ఎడమవైపు మామ బొమ్మ, నా బొమ్మ కంటే ఒక జానెడు పెద్దది. కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫోటోలు, ఏడు గుండ్రాల్లో ఏడుగురు పెద్దమనుషులు. ఆ ఏడుగురిని ఏ వరసలో పెట్టాలన్న దగ్గర మామకూ ఫోన్‌లో అవతలివాళ్లకూ మధ్యాహ్నం దాకా పంచాయితీ నడిచింది. అది తర్వాత చెబుతాను. చెప్పకూడని చోటే చెప్పాల్సి వచ్చింది కూడా.

ఫ్లెక్సీ కాలనీ గేటు దగ్గర కడతానని మామ మాటిచ్చాడు. గేటు దగ్గర జాగా చాలలేదట. అందుకని ఎల్బీ నగర్ మలుపులో, బస్సులూ ఆటోలూ మెట్రో జనమూ తప్పకుండా తలెత్తే చోట, రెండు కర్రలు పాతి కట్టాడు.

తర్వాతి వారం నేను నడిచింది నేల మీద కాదు. కిరాణా కొట్టు నరసింహ అన్న నేను పోగానే లేచి నిలబడ్డాడు. కూరగాయలావిడ కొత్తిమీర ఊరికే వేసింది. కాలనీ సంఘం వాళ్లు పార్కులో కుర్చీలేసి, అవి మామ కుర్చీలే, నాకు శాలువా కప్పారు. మైకు ఇచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. ‘పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు’ అని పిల్లలకు పావుగంట బోధించాను. ఏం సాధించానో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే శాలువాతో ముఖం కప్పుకునేదాన్ని.

శాలువా మడతపెడుతూ అమ్మ ఒక్క మాటంది. “ఇంటర్వ్యూ ఇంక కాలేదు గదనే?”

“ఫార్మాలిటీ అమ్మా.”

“మరి గా ఫార్మాలిటీ అయినంక ఫ్లెక్సీ కట్టుకుంటే ఏమాయె?”

 నేను కోపం తెచ్చుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? శాలువా కప్పించుకున్న మనిషి ఆఫీసులో కేకుల లెక్క చూడడమేమిటని మర్నాడే రాజీనామా ఇచ్చేశాను. మా మేనేజర్ నన్ను కూర్చోబెట్టి, ఎందుకు వెళ్తున్నారని అడిగి, నేను చెప్పిన అబద్ధాన్ని కంప్యూటర్లో ఎక్కించాడు. అంటే ఇంటర్వ్యూకి ఐదు రోజుల ముందు నా పరిస్థితి ఇది: ఉద్యోగం లేదు, సీటు లేదు, కాలనీలో మాత్రం డాక్టర్ని. ఈ సీటు రాకపోతే ఇంట్లో కూర్చుని ఆ ఫ్లెక్సీ వెలిసిపోయేదాకా ఎదురుచూడడం తప్ప నాకు వేరే దారి లేదు. ఆ రాత్రి మొదటిసారి భయం వేసింది. నలభై మందిలో నలుగురు అన్న అంకె కూడా ఆ రాత్రే కనబడింది.

ఇంటర్వ్యూ రోజు. ఊరికి అవతలి కొస, చెట్లూ గాజు గోడలూ ఉన్న పెద్ద సంస్థ. గదిలో ముగ్గురు. మధ్యలో నెరిసిన జుట్టుతో ఒక మేడం. కుడివైపు గడ్డం సారు. ఎడమవైపు నాకంటే కొంచెమే పెద్దగా కనబడే కుర్ర ప్రొఫెసర్, ముందు ల్యాప్‌టాప్. మాటలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. నేను తెలుగులో చెబుతున్నాను. నా ఇంగ్లీషు అలాగే చెబితే మీకు ఇంకా జాలేస్తుంది.

మొదటి పావుగంట బాగానే గడిచింది. ఎన్ని కంపెనీలు చూస్తారు, ఎవరిని ప్రశ్నలడుగుతారు, అబద్ధం చెబుతున్నారని ఎలా కనిపెడతారు, అని గడ్డం సారు అడిగారు. బట్టీపట్టినవన్నీ అప్పగించాను. ఆయన ఆవలింత ఆపుకున్నారు. అప్పుడు మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగారు.

“మనుషులు తమను ఉన్నదానికంటే పెద్దగా చూపించుకుంటారని రాశారు. మీరు దగ్గరగా చూసిన ఉదాహరణ ఒకటి చెప్పండి. పుస్తకంలోది వద్దు.”

నేను పుస్తకంలోదే చెప్పాను.

“మీరుండేది ఎక్కడ?”

“మన్సూరాబాద్ మేడం.”

“మా తమ్ముడిల్లు అక్కడే,” అన్నారు మేడం, ఉన్నట్టుండి తెలుగులోకి దిగి. “నేను సైదాబాద్. మొన్న వాళ్లింటికి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఆగి ఒక ఫ్లెక్సీని ఫోటో తీసుకున్నాను. నిన్న మీ దరఖాస్తు చదువుతుంటే ఫోటో ఎక్కడో చూసినట్టు అనిపించింది.”

ఫోన్ తీసి నా ముందు పెట్టారు. పన్నెండడుగుల నేను అరచేతిలో ఇమిడి ఉన్నాను. టోపీ బాగా వంగింది.

“ఈమె మీకేమవుతారు?”

ఈ క్షణంలో తెలివైనవాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. నేను చేసింది చెబుతాను.

“మా అక్క మేడం,” అన్నాను.

మేడం ఫోన్‌ను దగ్గరగా పెట్టుకుని చూశారు. “మీ అక్క పేరు కూడా మౌనికేనా?”

“అవును మేడం.”

“ఇద్దరికీ ఒకటే పేరు పెట్టారా మీ ఇంట్లో?”

“మా నానమ్మ పేరు మేడం. ఇద్దరికీ పెట్టాలని...” అన్నాను. మా నానమ్మ పేరు ఎల్లమ్మ. ఆవిడ మౌనిక అన్న పేరు సరిగ్గా పలకనైనా పలకలేదు. ఆ వాక్యాన్ని అక్కడే వదిలేశాను.  

“నేనే మేడం,” అన్నాను.

గడ్డం సారుకు తెలుగు రాదు. కుర్ర ప్రొఫెసర్ ఆయనకు ఫోటో చూపించి, దాని మీద రాసింది ఇంగ్లీషులో చెప్పాడు. సారు మొదటిసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

“మీకు డాక్టరేట్ ఇప్పటికే వచ్చిందా? ఏ యూనివర్సిటీ?”

“దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రింటింగ్ షాపు సార్.”

ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం అన్నీ అయిపోయాయని తెలిసిపోయింది. అన్నీ అయిపోయాక ఒక సుఖం ఉంటుంది. భయం కూడా వెళ్లిపోతుంది. అప్పుడు కుర్ర ప్రొఫెసర్ ల్యాప్‌టాప్ మూసేసి, కుతూహలంగా అడిగాడు.

“పైన మీ కంటే పెద్దగా ఉన్న ఈయనెవరు?”

“మా మామ. సంఘానికి సెక్రటరీగా నిలబడుతున్నాడు.”

“అభినందన మీకు కదా, మరి ఆయన ఫోటో ఎందుకు పెద్దది?”

“నేను కాలనీకి వన్నె తెచ్చాను సార్. నన్ను కాలనీకి తెచ్చింది మామ.”

“కింద ఈ ఏడుగురు?”

ఇక ఆపడం నా వల్ల కాలేదు. మొత్తం చెప్పేశాను. సంఘం ప్రెసిడెంటు మొదటి గుండ్రంలో ఉండాలి. కానీ ఆయనకు ఈసారి మామంటే పడదు. ఫోటో పెట్టకపోతే తన మీద కక్షగట్టారంటాడు, పెడితే మామే తన దగ్గరికి వచ్చాడంటాడు. అందుకని పెట్టారు, కానీ మిగతావాళ్ల కంటే ఒక వేలెడు చిన్నగా. అది ప్రూఫ్‌లో చూసి ప్రెసిడెంటు మనిషి ఫోన్ చేశాడు. వేలెడు పెంచారు. ఆ వేలెడు చోటు కోసం చివరి గుండ్రంలో ఉన్న రిటైర్డ్ మాస్టారిని నొక్కారు. వైస్ ప్రెసిడెంటు తన పక్కన కోశాధికారి ఉండకూడదన్నాడు. వాళ్ల ఇద్దరి మధ్య ఎవరితోనూ గొడవ లేని మనిషి కావాలి. కాలనీ మొత్తం మీద అలాంటివాడు ఒక్కడే దొరికాడు, ఆయన గత ఏడాదే ఇల్లు ఖాళీ చేసి నాగోల్ వెళ్లిపోయాడు. అయినా ఆయన ఫోటో పెట్టారు.

“ఆయన్ను అడిగారా?” అన్నారు గడ్డం సారు. ఆయన ఇప్పుడు రాసుకుంటున్నారు.

“లేదు సార్. అడిగితే గొడవల్లోకి వచ్చినట్టవుతుంది కదా, ఇక మధ్యలో పెట్టడానికి పనికిరాడు.”

“ఇవన్నీ ఎవరు నిర్ణయిస్తారు? రాసిపెట్టిన నియమాలున్నాయా?”

“ఏమీ లేవు సార్. కానీ ఒక్కటి తప్పితే అందరికీ తెలుస్తుంది.”

ఎంతసేపు చెప్పానో నాకు తెలియదు. పక్క గదిలో ఎదురుచూస్తున్న తర్వాతి అభ్యర్థి రెండుసార్లు తలుపు తీసి చూశాడు. చివరకు మేడం చేయెత్తి ఆపారు.

“ఇంతమంది సంగతి చెప్పారు. మీ సంగతి చెప్పలేదు. బిల్డప్ తప్పని పన్నెండు పేజీలు రాసిన మనిషి దీనికెందుకు ఒప్పుకుంది?”

దీనికి మాత్రం నాకు వేళాకోళం తోచలేదు. “మూడు చోట్ల కాదన్నారు మేడం,” అన్నాను. “ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ. షాపులో ఆయన నా పేరు ముందు డాక్టర్ అని కొట్టగానే, వెంటనే తీసెయ్యమనబుద్ధి కాలేదు. కాసేపు చూసుకుందామనిపించింది. ఆ కాసేపట్లో ప్రింటైపోయింది.”

మేడం కళ్లద్దాలు పెట్టుకున్నారు. “సరే అమ్మా, వెళ్లి రండి,” అన్నారు. అంతే.

మెట్రోలో కూర్చుని ఎల్బీ నగర్ దాకా ఎవరితోనూ కళ్లు కలపలేదు. దిగగానే మలుపులో నేనే నవ్వుతూ కనబడ్డాను. అక్కడి నుంచే మామకు ఫోన్ చేశాను. టెంట్‌హౌస్ నిచ్చెన ఆటోలో వేసుకుని వచ్చాడు.

“దించు మామ. సీటు రాదు. ఇంటర్వ్యూ పోయింది.”

 మామ నా భుజం మీద చెయ్యేశాడు. ఆయనకు నిజంగానే బాధయింది. కానీ బాధలో కూడా మామ మామే.

“దించితే ఇజ్జత్ పోతది బిడ్డా. వచ్చే ఆదివారమే ఎలక్షన్. గా ప్రెసిడెంటు ఏమంటడు? యాదగిరి అబద్ధం ఫ్లెక్సీ కట్టిండంటడు.”

“అబద్ధమే కదా మామ.”

“కట్టినప్పుడు కాదు గదా. నువ్వే చెప్పినవ్, అయిపోయినట్టే అని.”

ఇది నిజమే. మామ పైకీ కిందికీ చూసి, చివరికి రాజీ కుదిర్చాడు. “గట్ల జేద్దాం. నీ బొమ్మ, నీ పేరు కోసి తీసేస్త. నీ పరేషాన్ పోతది. మిగిలింది ఉండనియ్, జర ఆదివారం దాక.”

నిచ్చెన నేనే పట్టుకున్నాను. సాయంత్రం ట్రాఫిక్ మొత్తం చూస్తుండగా మామ బ్లేడుతో నన్ను గౌనుతో సహా కోసి, చుట్టి, నా చేతికిచ్చాడు. చంకలో నన్ను నేను పెట్టుకుని ఇంటికి నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే, కోసిన చోట బొక్కలోంచి వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్ కనబడుతోంది. మామా, ఏడుగురు పెద్దమనుషులూ చేతులు జోడించి ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు హృదయపూర్వక శుభాకాంక్షలు చెబుతున్నారు. కాలనీకి వన్నె తెచ్చినందుకు.

ఆదివారం మామ గెలిచాడు. గెలిచిన సంబరంలో ఫ్లెక్సీ దించడం మరిచిపోయాడు.

రెండు వారాలు నేను ఇల్లు కదల్లేదు. అమ్మ కాజాలూ గుండీలూ కుట్టే పని నాకిచ్చింది. పదిహేనో రోజున, నాలుగు గుండీలు తప్పు వైపు కుట్టాక, మెయిల్ వచ్చింది. మొదటి వాక్యంలో ధన్యవాదాలు లేవు. అందుకని రెండో వాక్యం చదివాను. సీటు ఇచ్చారు. కింద మేడం సొంతంగా రాసిన రెండు ముక్కలున్నాయి: మీ పన్నెండు పేజీలు పక్కన పెట్టండి, వాటిలో కొత్త సంగతేమీ లేదు. ఆ ఏడు గుండ్రాల గురించి రాసుకుని రండి.

నేను మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. అమ్మ భయపడి చదివించుకుని, తనూ ఏడ్చింది. జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ ఎరగను. ఆ సంతోషంలోనూ నాకు ఒక్క జాగ్రత్త గుర్తుంది. మామకు చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఎవరికీ చెప్పకుండా, పెట్టె సర్దుకుని, పొద్దున్నే వెళ్లి హాస్టల్లో చేరిపోయాను. ఇంత నిశ్శబ్దంగా మా కాలనీ నుంచి ఎవరూ చదువుకు పోయి ఉండరు.

నాలుగు రోజుల తర్వాత అమ్మ ఫోన్ చేసింది. నవ్వు ఆపుకోలేక మాట రావడం లేదు. పాల ప్యాకెట్లకు పోతే ఎదురింటి సరోజమ్మ ఆపిందట.

“నీ బిడ్డ పెట్టె పట్కొని పోయిందంట, యాడికి వదినా?” అని అడిగిందట.

“పీహెచ్‌డీ చదవనీకి,” అని చెప్పిందట అమ్మ. నిజమే కదా.

సరోజమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించిందట. “అదేంది వదినా, గది అయిపోయింది గద, శాలువా గూడ కప్పితిమి. అంటే ఫెయిలయిందా పాపం? నాకు అప్పుడే డౌటొచ్చింది. గందుకేనా ఫ్లెక్సీలకెళ్లి ఫోటో కోసేసిన్రు? పోనీ తియ్, మా చిన్నోడు గూడ లెక్కల్ల పోయి మల్ల రాసిండు. ఈసారి పాసయితది, నువ్వు పరేషాన్ గాకు.”

సాయంత్రానికి ఈ వార్త కాలనీ అంతా తిరిగింది. పై వాళ్లు నా పట్టా వెనక్కి తీసుకున్నారని కిరాణా కొట్టు నరసింహ అన్న అమ్మకు ఓదార్పుగా చెప్పాడు. అప్పటికి సంగతి తెలుసుకున్న మామ నేను ఫెయిల్ కాలేదని ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. బొక్క పడిన ఫ్లెక్సీ ఆ మలుపులో అందరి కళ్ల ముందూ ఉంది, ఇంకేం సాక్ష్యం కావాలి?

కాబట్టి, ఇంతవరకూ ఓపిగ్గా చదివిన పెద్దలందరి ఎదుటా, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా నోటి నుంచి ‘అయిపోయినట్టే’ అన్న మాట రాదు. వండిన అన్నం గురించి కూడా, పొయ్యి కట్టేసి, మూత తీసి, ఒక మెతుకు నొక్కి చూశాకనే ‘అయింది’ అంటాను. నాలుగైదేళ్లకు నిజం పట్టా చేతికొస్తే అమ్మకూ నాన్నకూ మాత్రమే చెబుతాను. కాలనీకి మాత్రం సప్లిమెంటరీలో పాసయ్యానని చెప్పుకుంటాను. వాళ్లు అంత నమ్మకంతో ఎదురుచూస్తుంటే కాదనడానికి నాకు మనసొప్పదు.